నువ్వు మార్చి చెప్పిన కథ

రజిత బాపూ,

ఎట్లున్నవ్? నువ్వు పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం కూడా అయిపోయింది. ఈ ఉత్తరం ఏ డబ్బాలో వేయాలో తెల్వదు... అయినా నీతో తేల్చుకోవాల్సిన ముచ్చట ఒకటి ఉన్నది. అందుకే రాస్తున్న.

ఇక్కడ అందరం బాగానే ఉన్నం. మన బిడ్డ రజిత కుకునూరుపల్లిలో, అత్తగారింట్లో మంచిగ ఉన్నది. నేను ఇంకా బీడీలు చేస్తూనే ఉన్న, కాకపోతే మునుపటంత కాదు. వేళ్లు నొస్తున్నయి. పక్కింటి లచ్చవ్వ తన బీడీల చాట పట్టుకొని మన అరుగు మీదికే వస్తది. నువ్వు ఒరిగి కూర్చునే గోడ దగ్గర మొదట్లో ఆమెను కూర్చోనియ్యలేదు. ఇప్పుడు అక్కడే కూర్చుంటున్నది. ఏం చేస్తం?

ఆ గోడకు ఒరిగి నువ్వు చెప్పిన కథలే నాకు పుస్తకాలంటే... ఒళ్లో చాట, ఒక చేతిలో ఆకు, ఇంకో చేతిలో దారం. పుస్తకం పట్టుకోవడానికి నాకు మూడో చెయ్యి ఎక్కడిది? భివండిలో బట్టలు నేసే సాంచల మోతలో ఒక్క పేజీ చదవలేకపోయిన అంటూ, వాపస్ వచ్చినంక కరువుతీరా చదివినవ్. చదివిందంతా పొద్దుగూకే యాళ్లకు నాకు చెప్పేటోడివి. "పుస్తకం మంచిగున్నది అంటే సాల్తదా? కథ జెప్పాలె" అనేటోడివి.

పోయిన నెల తెలుగు సారు కబురు పంపిన్రు. నెలకో ఆదివారం పుస్తకాలు చదివే మీరంతా కూడేది ఆయన ఇంటి మీద రేకుల కిందనే కదా. ఒక్కొక్కరు కొత్తగా చదివిన పుస్తకం కథ చెప్పుడు, చెప్పినంక ఆ పుస్తకం ఇంకొకరి చేతిలో పెట్టుడు, చాయ్ తాగుడు... ఈసారి నీ యాదిలో ఎవరికి అన్నిటికంటే ఇష్టమైన పుస్తకం వాళ్లు చెప్పాలని అనుకున్నరట. నన్ను కూడా రమ్మన్నరు. నేను చదివిందే లేదు, ఏం చెప్తా అన్న. మీ ఆయన మీకు చెప్పింది చెప్పండి అన్నరు సారు.

పోయిన. నువ్వు కొనిచ్చిన ఆకుపచ్చ చీర కట్టుకున్న. ఒకాయన దొంగను పట్టుకునే నవల చెప్పి, దొంగ ఎవరో చెప్పకుండా ఆపి అందరినీ సతాయించిండు. మందుల దుకాణంలో పనిచేసే పిల్ల ఎవరివో ప్రయాణాల పుస్తకం చెప్పింది. ఆ పిల్ల ఇంతవరకు రైలు కూడా ఎక్కలేదట. అయినా ఎంత మంచిగ చెప్పిందో!

నా వంతు వచ్చినప్పుడు నీలమ్మ కథ చెప్పిన. తమ్ముడు ఓడల పనికి పోతడు, జాడ ఉండదు. ఇక రాడని ఊరంతా అంటుంటే, అక్క నీలమ్మ పూటపూటకు వాని పళ్లెం కడిగి బోర్లిస్తది. నువ్వు చెప్పినట్టే చెప్పిన. నువ్వు ఎక్కడ ఆగినవో నేనూ అక్కడ ఆగిన. చివరికి తమ్ముడు వస్తడు. సంచి గోడకు తగిలేసి, అక్కా ఆకలైతుంది అంటడు.

సారు కండ్లద్దాలు తుడుచుకుంటూ, మీ ఇంట్లో పుస్తకం చివరి పేజీలు చినిగినయా అని మెల్లగా అడిగిన్రు. లేదన్న. లోపలికి పోయి తన పుస్తకం తెచ్చి చూపించిన్రు. అందులో తమ్ముడు రాడు... నీలమ్మ ఆ పళ్లెంలో ఒక బిచ్చగానికి అన్నం పెట్టి, పళ్లెం కూడా అతనికే ఇచ్చేస్తది. కథ అయిపోతది.

నాకెంత సిగ్గయిందో నీకేం తెలుసు? ఇంటికొచ్చి మన పుస్తకం తీసి చూసిన. ఒక్క పేజీ చినగలేదు. అందులో కూడా తమ్ముడు రాలేదు.

నీ మీద మస్తు కోపం వచ్చింది. ఇన్నేళ్లు చెప్పిన కథల్లో పుస్తకాలది ఎంత, నీది ఎంత? అప్పటి నుంచి బీడీలు తగ్గించి నీ పుస్తకాలు చదువుతున్న. నా ఏడో తరగతి చదువుకు పేజీ తిప్పుడంటే పెద్ద పనే. ఈ చివరికి వచ్చేసరికి ఆ చివర మర్చిపోతున్న. అయినా వదల్లేదు. నిజం చెప్పాలంటే, చదివినంతవరకు ఉన్నది ఉన్నట్టే చెప్పినవ్. గొర్లకాపరి కథలో మాత్రం కుక్క చచ్చిపోతది. దాన్ని కూడా బతికించినవా? నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

నీలమ్మ కథ ఎప్పుడు చెప్పినవో యాదికి తెచ్చుకున్న. మా తమ్ముడు మస్కట్ పోయి, ఫోన్ లేక, ఎక్కడున్నడో తెల్వక, నాకు అన్నం సయించని రోజులవి. అవునా? కథ విన్న పూట కడుపునిండా తిన్న. తర్వాత వాడు నిజంగానే వచ్చిండు. ఇప్పుడు అక్కన్నపేటలో మక్కలు పండిస్తున్నడు. వాడు రాకపోతే నాకు ఏ ముఖం చూపించేటోడివి?

అది పోనీ. దవాఖానలో డాక్టర్ నిన్ను ఒక్కణ్ణే లోపలికి పిలిచిండు కదా. బయటికి వచ్చినంక ఏమన్నడని అడిగిన. "ఏం లేదే, గోలీలకే తక్కువైతదట. వచ్చే నెల నువ్వు గూడ సారు ఇంటికి రా, కథలు ఇందువు" అన్నవ్. నేను నమ్మిన. బస్టాండు దగ్గర ఇద్దరం మిర్చీలు తిన్నం. అది కూడా మార్చి చెప్పిందేనా?... అసలు సంగతి చెప్తే బీడీలు అవతల పెట్టి నీ పక్కనే కూర్చునేదాన్ని కదా. ఆ హక్కు నాకు లేదా?

ఇది అడగాలనే కాగితం తీసిన. కానీ నిన్న ఒకటి జరిగింది.

లచ్చవ్వ చిన్నకొడుకు దుబాయిలో ఉన్నడు. చాన్నాళ్ల నుంచి ఫోన్ లేదు. ఆమెకు చెయ్యి నిలుస్తలేదు. చేసిన బీడీల్లో సగం కంపెనీలో తీసి పారేస్తున్నరు. నిన్న అరుగు మీద నా పక్కన ఉన్న పుస్తకం చూసి, అదేం కథ అని అడిగింది. వేరే ఏదన్నా చెప్పాల్సింది. ఓడల పనికి పోయిన తమ్ముడని నోరు జారిన. ఆమె చాట పక్కకు పెట్టి, మరి ఆ పిలగాడు వచ్చిండా అని అడిగింది.

చివరి పేజీలో ఏమున్నదో ఇప్పుడు నాకు బాగా తెలుసు.

వచ్చిండని చెప్పిన. సంచి గోడకు తగిలేసి, ఆకలైతుందన్నడని కూడా చెప్పిన.

లచ్చవ్వ కొంగుతో ముఖం తుడుచుకొని మళ్లీ చాట ఒళ్లోకి తీసుకున్నది. బీడీలు మంచిగ చుట్టింది.

చెప్పిన పుస్తకం ఇంకొకరికి ఇయ్యాలనేది మీ పద్ధతి. ఇదొక్కటి ఇయ్యను. లచ్చవ్వ మనవరాలికి చదువొచ్చు, చివరి పేజీ చదివి చెప్పేస్తది. లచ్చవ్వ కొడుకు ఫోన్ వచ్చేదాకా ఈ పుస్తకం బియ్యం డబ్బా వెనకాలనే ఉంటది. మిగతావన్నీ పంచుతా. సారు ఇంటికి ప్రతి నెలా పోతా, చదివింది చెప్తా.

దవాఖాన ముచ్చట మాత్రం నేనింకా మన్నించలేదు. కానీ నిన్న ఆ ఒక్క మాట చెప్పినంక నాకు చాయ్ కూడా గొంతు దిగలేదు. నువ్వు ఆ రోజు, నా ముందర కూర్చొని, ఆ మిర్చీలు ఎట్ల తిన్నవయ్యా?

నీ
రజిత అవ్వ