వేరే గంప

నా బంగారు తల్లి సారక్కకు,

నాన్న కడుపునిండా దీవెనలతో రాస్తున్నాను. ఇక్కడ మేమంతా క్షేమం. ఈసారి ‘అంతా’ అని రాశాను చూడు బిడ్డా, అందులో కోళ్ళు కూడా ఉన్నాయి. నువ్వు నీ పోలీసు ట్రైనింగులో వేళకు తింటూ, ఆ పరుగులకు కాళ్ళు కాపాడుకుంటూ చల్లగా ఉన్నావని తలుస్తున్నాను.

ఈ రోజు నా చెయ్యి ఆగడం లేదు. పొద్దున నీ డేగపుంజు కూసింది! గూడు మీదికెక్కి, మెడ నిక్కించి, గూడెమంతా వినేటట్టు కూసింది తల్లీ. గొంతు ఇంకా బొంగురే, అయితేనేం! నేను ఊడుస్తున్న చీపురు కింద పడేసి ఆ పుంజుకు దండం పెట్టాను. మీ అమ్మ పొయ్యి దగ్గర నుంచి చూసి నవ్వింది. ఎన్ని రోజులైందో ఆమె నన్ను చూసి నవ్వి. ఎందుకు నవ్వడం మానేసిందో కూడా ఇందులోనే రాస్తాను, ఓపిక పట్టి చదువు.

నీ ఉత్తరంలో మూడు మాటలు అడిగావు. అమ్మ మోకాలు ఎట్లా ఉందని, పోయినసారి ‘నేనూ అమ్మా క్షేమం’ అని మాత్రమే రాశావు, కోళ్ళ మాట ఎందుకు వదిలేశావని, దూలయ్య మామ తన కొడుక్కి నన్ను అడగడానికి వస్తే మాట ఇచ్చేశావా అని. మూడోదాని కింద గీత గీశావు. ఆ గీత కాగితం అవతలి వైపు కూడా తేలింది బిడ్డా, వేలితో తడిమి చూశాను. ఫోన్‌లో చెబుదామంటే ఆదివారం వాళ్ళు నీకు ఫోన్ ఇచ్చే కాసేపూ మీ అమ్మే గుంజుకుంటుంది. అందుకని వరుసగా రాస్తాను. మూడోది చివరికి. దానికి కొంచెం ధైర్యం కూడదీసుకోవాలి.

మోకాలు నయమే. కోపం మీద ఉన్నప్పుడు నాకన్నా జల్దీ నడుస్తోంది.

కోళ్ళ సంగతి. తప్పు నాదే. సంతలో ఒక తెల్ల పెట్ట కనబడింది. ముద్దుగా ఉంది, నీకు నచ్చుతుందని తెచ్చి ఆ సాయంత్రమే మన వాటితో కలిపేశాను. కొన్నాళ్ళకు ఒకటి తుమ్మింది. తరువాత గూటి దగ్గర కూర్చుంటే లోపలి నుంచి గురగుర, గురగుర. ముక్కులు కారాయి, కళ్ళు వాచి మూసుకుపోయాయి, నల్లపెట్ట నోరు తెరిచి మెడ సాచి గాలి పీల్చేది. నీ డేగపుంజు కూద్దామని నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. నాకు తెలిసిన వైద్యం వేపాకు పొగ. పెట్టాను. ఇంకా ఎక్కువైంది.

పక్కింటి భద్రయ్య వచ్చి చూసి, “తాతా, చచ్చే ముందే సంతల అమ్మెయ్” అన్నాడు.

“గురక పెడుతున్నయిరా.”

“సంతల గంత లొల్లిల నీ కోడి గురక ఎవలకు వినపడ్తది?”

“కొన్నోని ఇంట్ల వినపడ్తది” అన్నాను. “నా ఇంట్ల గట్లనే వినపడ్డది.”

మీ అమ్మ కోసి వండుదామంది. సంతలో అమ్మను, కోయను, వాగులో పారెయ్యను అని వాకిట్లో నిలబడి అరిచాను. అవి నా బిడ్డ ఒక్క పెట్టతో మొదలుపెట్టిన కోళ్ళు. వాటిని బుట్టలో పెట్టుకుని పశువుల దవాఖానాకు పోతే డాక్టరమ్మ ముందు నా పొగ గురించే తిట్టింది. “ఊపిరాడని దానికి పొగ పెడ్తరా తాతా? నీకు దగ్గొస్తే నీ ముక్కు కింద పొగ పెట్టుకుంటవా?” అంది. నీళ్ళలో కలిపే మందిచ్చింది. జబ్బువి వేరు, బాగున్నవి వేరు, వాటి నీళ్ళ చిప్పలు కూడా వేరు అంది. గూట్లో తడి లేకుండా చూడమంది. చచ్చినవాటిని గుంత తీసి సున్నం చల్లి పూడ్చమంది. అన్నిటికన్నా గట్టిగా ఒక మాట చెప్పింది. బయటి నుంచి వచ్చిన కోడి ఎంత బాగా కనబడినా కొన్ని వారాలు వేరే గంప కిందే ఉండాలట. కొన్ని పోయాయి బిడ్డా. చిన్న పిల్లలు ఎక్కువ పోయాయి. వాటిని పూడ్చి వచ్చి నీకు ఉత్తరం రాస్తే ‘అంతా’ అనే మాట చేతికి రాలేదు.

సరిగ్గా అప్పుడే మీ మామ వచ్చాడు. చంకలో కక్కెరపుంజు, వెనక నలుగురు పెద్దమనుషులు.

మన గూడెం పద్ధతి నీకు తెలుసు. పిల్లను అడగడానికి వచ్చినవాళ్ళు పుంజును తెస్తారు. పిల్ల తండ్రి ఆ సాయంత్రమే దాన్ని తన కోళ్ళతో ఒకే గంప కింద మూస్తే సరేనన్నట్టు. తిరిగి చేతిలో పెడితే కాదన్నట్టు. మా నాయన కాలం నుంచీ ఈ రెండే. నేను ఒక ఖాళీ గంప తెచ్చి, పెరటి చివర కానుగ చెట్టు కింద ఆ పుంజును ఒంటరిగా మూశాను.

“ఏంది బావా, మా పుంజుకు వేరే గంపనా? గిట్ల ఎవలన్న చేసిన్రా?” అన్నాడు మీ మామ.

“మా కోళ్ళకు గురక రోగం బావా. కొత్తదాన్ని కొన్నొద్దులు దూరం పెట్టాలెనని డాక్టరమ్మ చెప్పింది.”

“డాక్టరమ్మ చెప్తే సంబంధం ఆపుతవా? అవ్ అంటవా, కాదంటవా?”

“రెండూ కాదు. ఆగుమంట.”

పెట్టిన మంచినీళ్ళు కూడా తాగకుండా పోయాడు. మీ అమ్మ, “మా అన్నను వాకిట్లనే నిలబెట్టినవ్” అని ఆ రోజు నుంచి నాకు అన్నం పెట్టడమే గాని మాట పెట్టలేదు. గూడెంలో నవ్వనివాళ్ళు లేరు. తుమ్ముకు భయపడి జంపయ్య సంబంధం పోగొట్టుకున్నాడన్నారు. నవ్వనియ్యి అనుకున్నాను. ఆ గంప కిందికి కూడా రోజూ మేత పెట్టాను, నీళ్ళు వేరే చిప్పలో పోశాను.

వారం తిరగకముందే ఆ పుంజు తుమ్మింది! ఆ గంప కింద కూడా అదే గురగుర. దానికీ మందు పోశాను. సంగతి ఆ నోటా ఈ నోటా పోయి మీ మామ పరుగున వచ్చాడు. అక్కడ వాళ్ళ కోళ్ళు కూడా మూలుగుతున్నాయట.

“నువ్ చెప్పిందే నిజమైంది బావా” అన్నాడు, పుంజు పక్కన గొంతుక్కూర్చుని. “మాదానికి గూడ మందు పోస్తున్నవా?”

“వేరే గంప కింద పెట్టిన గని పస్తు పెట్టలేదు బావా.”

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. “సరే, నయమైనంక కలుపుదాం. ఇగ మాట ఖాయమేనా?” అన్నాడు.

ఇప్పుడు నీ మూడో మాట తల్లీ. రోగం నిజమే, డాక్టరమ్మ చెప్పింది నిజమే. కానీ మన కోళ్ళు ఏ రోగం లేకుండా గుండ్రాళ్ళలాగా ఉన్నా ఆ సాయంత్రం నేను ఆ పుంజును కలిపేవాడిని కాదు. నిన్ను అడగకుండా గంప మూయడం నాకు ఇష్టం లేదు. ఆ మాట పెద్దమనుషుల ముందు నోటితో అనలేక కోడి చాటున దాక్కున్నాను. ఇప్పుడు మీ మామే వచ్చి నా మాట నిజమన్నాడు. ఊరుకుంటే నా పరువు నిలబడేది. ఊరుకోలేదు.

“కోడికి నయమైనా కలపను బావా” అన్నాను. “నా బిడ్డ అవ్ అంటేనే కలుపుత. ఆ రోజు రోగమని చెప్పిన, గది సగమే.”

“పిల్లను అడుగుతవా? మీ నాయన నీ చెల్లెను నాకిచ్చేటప్పుడు ఆమెను అడిగిండా?”

“అడగలే. నేను అడుగుత. పోలీసు బిడ్డను అడగకుండ గంప మూస్తే రేపు నన్నే లోపల ఏస్తది.”

తలుపు దగ్గర నుంచి మీ అమ్మ, “అన్నా, ఆయన చెప్పేది ఇను” అంది. నాకు చెవులు పని చేస్తున్నాయా అనిపించింది బిడ్డా! మీ మామ పుంజు చిప్పలో నీళ్ళు పోశాడు. తరువాత లేచి, “మందు ఇంకెన్నొద్దులు పొయ్యాలె?” అని మాత్రం అడిగాడు. పుంజును తీసుకుపోలేదు. అంటే అడిగిన మాట ఇంకా అక్కడే ఉంది, ఆయన కూడా ఆగుతున్నాడు.

పిల్లగాడు పవన్ గురించి చెడు చెప్పను. అశ్వారావుపేట పామాయిల్ తోటల్లో ట్రాక్టరు నడుపుతున్నాడు, తాగడు. మంచివాడే. కానీ మంచివాడని చెప్పడం వరకే నా పని. నీ ట్రైనింగు ఒక్క పూట కూడా ఆగదు, అది నువ్వు అవునన్నా కాదన్నా. ఎవరు ఎంత అలిగినా సరే.

ఈ పొద్దున నీ డేగపుంజు కూసిందని రాశాను కదా. అది ఆపగానే కానుగ చెట్టు కింద నుంచి రెండోది జవాబు కూసింది. రెండింటికీ నయమైంది తల్లీ, ఇక దాక్కోవడానికి నాకు రోగం కూడా లేదు. డాక్టరమ్మ పెట్టిన గడువు అయిపోతుంది. నీ గడువు మాత్రం నువ్వే పెట్టుకో. నువ్వు అవునని రాస్తే ఆ పుంజును తెచ్చి మన కోళ్ళతో కలుపుతాను. కాదని రాస్తే చంకలో పెట్టుకుని, పట్టపగలు, గూడెం నడి మధ్యలో నుంచే నడిచి మీ మామ చేతిలో పెట్టి వస్తాను. ఏ దారైనా తల వంచను. అప్పటిదాకా గంపలు రెండు.

ఇట్లు,
రెండు గంపల నడుమ నీ మాట కోసం కూర్చున్న
నీ నాన్న
జంపయ్య