నీళ్లు తాగే చెయ్యి

అత్తమ్మా, వందనాలు.

నువ్వు పోయి నెలన్నర దాటింది. గుమ్మం దగ్గర నీ చెప్పులు అలాగే ఉన్నాయి. తీద్దామంటే నీ కొడుకు తియ్యనివ్వడు. బొగ్గు లారీ దిగి రాగానే ఇప్పటికీ బయటే స్నానం చేసి లోపలికి వస్తున్నాడు. "గా దుమ్ముతోని పిల్ల కాడికి వస్తే కాళ్లు ఇరగ్గొడ్త" అన్నావుగా... ఆ భయం ఇంకా పోలేదు.

నీకు చెప్పాల్సింది బ్లెస్సీ సంగతి. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఇన్నాళ్లూ ఊరుకున్నాను.

నువ్వు పోయాక నీ మనవరాలు వీపు ముట్టుకోనివ్వలేదు. ఆవిరి పట్టించుకునేది, మిషన్ పెడితే మందు పీల్చేది. తెమడ కదిలేలా వీపు తట్టడానికి ఒళ్లో బోర్లా పడుకోమంటే మాత్రం పోయి గోడకు ఆనుకునేది. "నానమ్మ వచ్చాకే" అనేది.

నీకోసం చర్చిలో పెట్టిన ఆదరణ కూడిక అయిన వారానికే దానికి జ్వరం. పక్కటెముకలు ఎగరేసుకుంటూ ఊపిరి తీసింది. మణుగూరు నుంచి ఖమ్మం దాకా బస్సులో దాన్ని నిటారుగా పట్టుకునే కూర్చున్నాను. పిల్లల ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, వీపు తట్టడం మానేశారా అని అడిగింది. తెమడ ఇలాగే పేరుకుంటే ఊపిరితిత్తిలో ఆ భాగం పాడైపోతుందట, మళ్లీ బాగుకాదట. ఇంతకుముందు తట్టే పెద్దామె ఏదీ అంది. నువ్వు పోయావని నీ కొడుకే చెప్పాడు. "ఆ రొట్టెల నానమ్మా..." అని ఆమె ఎక్స్‌రే పక్కన పెట్టేసింది.

నిన్ను అక్కడ ఎవరు మర్చిపోతారు! మొదటిరోజు ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పుతుంటే, "ఓస్, గింతేనా? జొన్నరొట్టెలు కొట్టిన చెయ్యి బిడ్డా ఇది!" అని అరచెయ్యి చాపి దబదబా బాదావు. పాప వీపు కందిపోయింది. గుక్కపట్టి ఏడ్చింది. వాగు ఇసుకలో తవ్విన చెలిమలో నీళ్లు తాగేటప్పుడు చెయ్యి ఎలా గుంతగా వంచుతావో అలా పెట్టమంది ఆ అమ్మాయి. తిరుగు బస్సులో దారి పొడుగునా నీ తొడ మీద నువ్వే కొట్టుకుంటూ నేర్చుకున్నావు. పక్క సీటాయన నీకు మతి చలించిందేమోనని లేచి వెళ్లిపోయాడు, గుర్తుందా?

ఆ తర్వాత రోజూ అదే చప్పుడు. కింద నుంచి పైకి, చర్చిలో పాటకు తాళం వేసినట్టు. దగ్గు వచ్చి తెమడ నోట్లోకి రాగానే, "ఉమ్మెయ్ బిడ్డా, ఉమ్మెయ్... అది మనది కాదు" అనేదానివి. నేను పక్కన నిలబడి కళ్లు తుడుచుకుంటే నామీద విసుక్కునేదానివి. "ఏడ్చుడు తర్వాత, ముందు గిన్నె పట్టు!"

ఇప్పుడు గిన్నె పట్టేదెవరు అత్తమ్మా?

దవాఖానా నుంచి వచ్చాక మొన్న ఆదివారం నీ నీలం చీర మడిచి ఒళ్లో వేసుకున్నాను. బ్లెస్సీ దూరం నుంచి చూసింది. దగ్గరికొచ్చి వాసన చూసింది. తర్వాత మెల్లగా బోర్లా పడుకుంది.

నేను కొట్టబోతే వెనక్కి చెయ్యి చాపి నా వేళ్లు వంచింది. నాదీ రొట్టె చెయ్యేనట! అలా కాదట. ఇద్దరం కలిసి చెయ్యి సరిచేసుకున్నాం. కాసేపటికి దగ్గు వచ్చింది. నేను నీ మాట అనేలోపే పిల్లే ఆ మాట అనుకుని, తనే ఉమ్మేసింది. పచ్చటి తెమడ, ఇంత! ఆ గిన్నె చూసి ఏడ్చాను, సంతోషమో ఏమో.

నన్ను చూసి అది లేచింది. నా వెనక్కి వెళ్లి, చిన్న చెయ్యి వంచి నా వీపు మీద కొట్టడం మొదలుపెట్టింది. ఉమ్మెయ్యమంది. అది మనది కాదంది.

దాని మాట కాదనలేక ఊరికే దగ్గాను అత్తమ్మా. కానీ ఇది మనదే కదా? నాలో ఉన్న ఈ దుఃఖం నాదే. దీన్ని ఉమ్మెయ్యను, ఉండనీ.

ఇదిగో, ఇప్పుడే బ్లెస్సీ నీ చీర తెచ్చి ఒళ్లో పడేసింది. వేళైందట. చెయ్యి వంచే పెడతానులే... నువ్వు నిద్రపో.

నీ కోడలు
సునీత