పదిహేడో నంబరు

పర్చూరు,
27–5–1986

గౌరవనీయులైన మాస్టారికి నమస్కారాలు.

లాబ్ తాళంచెవి అటెండరుకి ఇచ్చే వచ్చాను. గాజు గొట్టాలన్నీ కడిగి బోర్లించాను. పదిహేడో నంబరు మనిషి దగ్గర మళ్ళీ నెత్తురు తీసుకురమ్మని మీరు పంపారు. తేవడం కుదరలేదండి.

పేర్లు రాయొద్దన్నారు కాబట్టి మీకు తెలియదు. పదిహేడో నంబరు మా నాన్న జక్రయ్య. మా పల్లె నుంచి వంగతోటలకు పురుగుమందు కొట్టడానికి వెళ్ళే ముప్పై మందిలో ఆయన ఒకడు. సూది గుచ్చినప్పుడు, “ఇంకో సీసా తీసుకోమ్మా, నీ సదువుకేగా” అని నవ్వాడు.

మందు ఒంట్లోకి పోయేకొద్దీ నెత్తురు పరీక్షలో రీడింగు పడిపోతుందని మీరే నేర్పారు. సోమవారం నాన్నది అందరికన్నా బాగా కిందికి వచ్చింది. నా చేతి తప్పనుకున్నాను. బలహీన వర్గాలకిచ్చిన వేసవి పరిశోధన సీటులో వచ్చింది, దీనికేం చేతనవుతుందని అంటారేమోనని ఎవరికీ చెప్పలేదు. గురువారం దాకా రోజూ మళ్ళీ చేశాను. రోజూ అంతే వచ్చింది. అప్పుడు మీకు చెప్పాను. ఆ నాలుగు రోజులూ నాన్న మందు కొట్టడానికి వెళ్తూనే ఉన్నాడట.

శుక్రవారం నేను ఇంటికి వచ్చేసరికి, తోటలో పడిపోయాడని తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. శనివారం పోయాడు. ఆదివారం ఆరాధన అయ్యాక భూస్థాపన చేశారు. అమ్మ బాగానే ఉంది.

ఒక్క మనవి. అనుమానంగా ఉన్న రీడింగుల్ని కొట్టేస్తామని అన్నారు. పదిహేడుని కొట్టేయకండి. సోమవారం వచ్చిందే సరైనది. నా చెయ్యి తప్పు చేయలేదండి.

ఇట్లు,
మీ విద్యార్థిని