సౌండ్ అంటే శబ్దం ఒక్కటే కాదు

జులై 2012, గురువారం రాత్రి
అశోక్‌నగర్ హాస్టల్

ఇవాళ కోచింగ్‌లో ఇంగ్లిష్ సార్ "సౌండ్" అనే మాటకు అర్థాలు అడిగారు. అందరూ శబ్దం అన్నారు. వెనక నుంచి ఒకడు, "ఆ ముచ్చట రజితనే అడగాలె సార్, చెవికి మిషన్ పెట్టుకున్నది గద" అన్నాడు. క్లాసంతా నవ్వింది. పాఠం సగమే వినపడే నాకు ఆ నవ్వు మాత్రం పూర్తిగా వినపడింది.

ఏడుపొచ్చింది. అయినా లేచి నిలబడ్డాను.

"గట్టిది, ఏ లోపం లేనిది అని కూడ అర్థం ఉన్నది సార్. సౌండ్ మైండ్ అంటరు గద."

సార్ శభాష్ అన్నారు. నిజానికి అవి రెండు వేరువేరు మాటలట. శబ్దమనేది లాటిన్‌లో పుట్టి ఫ్రెంచి మీదుగా వచ్చిందట, గట్టిదనేది పాత ఇంగ్లిష్‌దేనట. ఒకే ఇంట్లో కిరాయికి చేరిన రెండు కుటుంబాల్లాగా ఇప్పుడు ఒకే స్పెల్లింగ్‌లో ఉంటున్నాయి.

హాస్టల్‌కి వచ్చాక నా రూమ్మేట్ స్వప్నక్క తల నిమిరింది. "పరేషాన్ గాకు. రేపటి సంది జుట్టు ఇడిసిపెట్టుకో, మిషన్ కనవడది."

ప్రేమతోనే అంది. కానీ నేను దాచుకోను. రేపు జడ బిగించి వేసుకుని మొదటి బెంచీలో కూర్చుంటాను.

ఉద్యోగం ఇంటర్వ్యూలో ప్రశ్న వినపడకపోతే ఎలా అన్న భయం మాత్రం ఇంకా పోలేదు. "ఇంకోసారి చెప్పండి సార్" అని అడగడం రేపు క్లాసులోనే మొదలుపెడతాను.