గుహ తలుపు తెరిచే చాప్టర్

మార్చి 4, లంచ్ టైం

పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. కొత్త చైనా నవల పట్టాను. వందల ఏళ్లు సాధన చేసి అమరులైపోయే గురువులు, కత్తి మీద నిలబడి ఎగిరే శిష్యులు, మధ్యలో ప్రేమ. హీరోయిన్ మూలికల మందు కాచబోయి కొండ మీది వంటగదిని పేల్చేసింది. హీరో మంచుముద్ద. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. మర్నాడు మాత్రం ఆ పిల్లకి కొత్త గిన్నె పంపిస్తాడు. ఫ్లాట్ అయిపోయాను.

మా లాండ్రీలో స్టాఫ్ అందరికీ ఆ చాప్టర్ చదివి వినిపించాను. మగాడంటే ఇలా ఉండాలి, గలగలా వాగేవాళ్లు మూడో చాప్టర్‌కే చచ్చిపోతారని తీర్పు కూడా ఇచ్చేశాను. అందరూ నవ్వారు. ఇస్త్రీ సెక్షన్‌లో కొత్తగా చేరినతను మాత్రం టిఫిన్ డబ్బా మూత నొక్కుతూ ఉండిపోయాడు. మామూలుగా అతని కబుర్లకి అంతుండదు. నిజం చెప్పాలంటే వాటికోసమే నేను పొద్దున కాస్త ముందే వస్తాను.

మార్చి 9

అతను నాతో మాట్లాడటం మానేశాడు. గుడ్‌మార్నింగ్ అంటే తల ఊపాడు, అంతే. గుండె ఝల్లుమంది. అచ్చం మంచుముద్ద!

మార్చి 10

ఇంటికొచ్చి చెబితే, పంటినొప్పేమో అంటుంది మా అక్క. అక్కకి రొమాన్స్ తెలీదు.

మార్చి 21

ఈరోజు పరువు పోవాల్సింది. వచ్చిన ప్రతి బట్టకీ ట్యాగ్ పెట్టడం నా పని. అర్జెంట్‌కి ఎరుపు, మామూలుకి పచ్చ. ఫోన్ ఒళ్లో పెట్టుకుని చదువుతూ ఒకాయన ఇంటర్వ్యూ సూటుకి పచ్చ, ఎవరివో కర్టెన్లకి ఎరుపు తగిలించాను. అక్కడ హీరోయిన్ ఎగిరే కత్తి అనుకుని చీపురెక్కింది మరి, కళ్లు ట్యాగుల మీద ఎలా ఉంటాయి?

సాయంత్రం సూటాయన వచ్చి కౌంటర్ ముందు నిలబడ్డాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, పచ్చ ట్యాగ్! ఇస్త్రీ అతను లోపల్నుంచి వచ్చి, నలగని సూటు హ్యాంగర్‌తో సహా నా ముందు తగిలించి వెళ్లిపోయాడు. మామూలు కుప్పలోంచి ఎప్పుడు వెతికి తీశాడో! ఒక్క మాట లేదు. కొత్త గిన్నె సీనే ఇది.

అడిగెయ్యమంది అక్క. అడిగేస్తే ఇంక కథేముంటుంది?

ఏప్రిల్ 2

హీరో మూడొందలేళ్ల ధ్యానానికి గుహలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. హీరోయిన్ బయట కూర్చుంది. చాప్టర్ల మీద చాప్టర్లు కూర్చునే ఉంది. కామెడీ తగ్గిపోయింది.

ఇస్త్రీ సెక్షన్‌లోనూ చప్పుడు లేదు. ఆ కబుర్లు లేక పొద్దున్నపూట బోసిగా ఉంటోంది. ఈ లైన్ రాసి కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యలేదు.

ఏప్రిల్ 15

అతను వేరే బ్రాంచికి ట్రాన్స్‌ఫర్ అడిగాడట. మేనేజర్ శుక్రవారం సంతకం పెడతారట.

ఇది ఎడబాటు ఘట్టం, చివర్లో ఎలాగూ కలుస్తారని అక్కకి చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను. అక్క దుప్పటి మడతపెట్టడం ఆపి నావైపు చూసింది.

"వాళ్లకి వెయ్యేళ్ల ఆయుష్షుందే. నీకుందా?"

ఏప్రిల్ 17, శుక్రవారం

మిగతావాళ్లెవరూ రాకముందే ఇస్త్రీ సెక్షన్‌కి వెళ్లాను, అతనొక్కడే ఉన్నాడు. గదినిండా ఆవిరి, అచ్చం నవల్లో పొగమంచు కొండలాగే. నేనే హీరోయిన్‌లా లేను, చెమటలు కారిపోతున్నాయి. నాతో ఎందుకు మాట్లాడటం మానేశారని అడిగేశాను. అతను ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు.

"వాగేవాళ్లు మూడో చాప్టర్‌కే చచ్చిపోతారని మీరేగా అన్నారు."

నాకేం నచ్చుతుందో తెలుసుకుందామని ఆ నవల తనూ చదువుతున్నాడట. మంచుముద్దలా ఉండటం ప్రాక్టీస్ చేస్తున్నాడట. నోరు కట్టేసుకుని ప్రాణం పోయినంత పనైందట. అయినా నేను గుడ్‌మార్నింగ్ దాటి ఒక్క అడుగు వెయ్యకపోయేసరికి, ఇక లాభం లేదనుకుని ట్రాన్స్‌ఫర్ పెట్టాడట. నా తలుపు ముందు అతను, అతని తలుపు ముందు నేను!

నాకు మీ కబుర్లే ఇష్టమని చెప్పేశాను. గట్టిగానే చెప్పాను. అతని మొహం వెలిగిపోయింది. మేనేజర్ రాగానే ఇద్దరం వెళ్లి ట్రాన్స్‌ఫర్ కాన్సిల్ చేయించాం. నవల్లో గురువుల్లా నెత్తిన తొమ్మిది పిడుగులు పడి అమరురాలినైపోయినా ఇంత గర్వం ఉండేది కాదు. నోరు తెరిచి అడిగి గెలిచాను. నేనే గెలిచాను.

ఏప్రిల్ 18

బస్సులో దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. దిగాల్సిన స్టాప్ దాటిపోయింది. ఇద్దరం చూసుకోలేదు.

ఏప్రిల్ 30

అక్క ఆ నవల పట్టుకుంది. హీరో ఇంకా గుహలోనే ఉన్నాడట. ఉండనీ.