కస్టమరుకి మర్యాద

మంగళవారం, వంటిల్లు సర్దాక

ఒళ్ళు మండిపోతోంది. పొద్దున్న మా చిన్నిని తీసుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్తే ఎస్సైగారు అడిగిన మొదటి మాట, "వాడు వచ్చాడామ్మా?" రాలేదండీ అన్నాను. "మీ పాప వెళ్లిందా?" వెళ్లలేదండీ. "మరి ఏమని రాయమంటారు? బ్లాక్ చేసేయండి."

అంటే వాడు రమ్మన్నచోటికి పదమూడేళ్ల పిల్ల వెళ్లాకే కేసు పుడుతుందా? ఫోన్లో పిల్లలకి వల వేస్తే చాలు, అదే నేరమయ్యేలా చట్టం గట్టిచేస్తామని టీవీలో ఎన్నాళ్ల నుంచి చెబుతున్నారు! చేసేదేదో ఆ ఎస్సైగారి టేబుల్ దాకా తేరేం?

నా తప్పూ ఉంది. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలు ఫోన్లో అమ్ముతూ, హారాలన్నీ చిన్ని మెడలోనే వేసి ఫొటోలు పెట్టాను. మెసేజ్‌లకి జవాబులూ చిన్నితోనే ఇప్పించేదాన్ని. వాడు ఆడపేరుతో, కొనడానికన్నట్టే మెసేజ్ పెట్టాడు. ముందు హారంతో ఇంకో ఫొటో పెట్టమన్నాడు. తర్వాత నేనిక్కడ రాయలేని ఫొటోలు అడిగాడు. చివరికి ఆదివారం ఒక్కదాన్నే బస్సెక్కి మోపిదేవి రమ్మన్నాడు. అప్పుడు చిన్ని భయపడి నాకు చూపించింది.

వాడికి అది ఇచ్చిన జవాబులన్నీ చదివాను. "వద్దండీ." "ఏమీ అనుకోకండి." "అమ్మ తిడుతుందండీ." కస్టమర్లతో మర్యాదగా మాట్లాడమని నేర్పింది నేనే.

రేపు మళ్లీ వెళ్తాను. ఫిర్యాదు రాసుకునేదాకా ఆ బెంచీ మీంచి లేవను.

ఇందాక ఎవరో జూకాల ధర అడుగుతూ మెసేజ్ పెట్టారు. చిన్ని ఫోన్ ముట్టుకోలేదు. దూరంగా నిలబడే అడిగింది, "అమ్మా, వీళ్లని అండీ అనాలా, వద్దా?"