సగమయ్యేదాకా కాచిన నీళ్ళు

షామీర్‌పేట దగ్గర, అలియాబాద్ నుంచి
ఆదివారం

అక్కా,

నీకూ బావగారికీ నమస్కారాలు. మీ అమ్మాయి లక్ష్మికి ఆశీస్సులు. మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఉత్తరం అన్నాక ఆ మాట రాయాలి కాబట్టి రాశాను, దాన్ని పట్టుకుని ఏడవకు. మీ మరిదిగారు ఫ్యాక్టరీ బస్సెక్కి డ్యూటీకి వెళ్తున్నారు, నేను వండుతున్నాను, ఇద్దరం తింటున్నాం. అంతవరకూ క్షేమమే.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటి, అదీ బావగారి కొట్టు అడ్రసుకి ఎందుకు రాసింది అనుకుంటున్నావు కదూ. నీకు ఫోను చేస్తే ముందు స్పీకరు నొక్కి తర్వాత హలో అంటావు. పక్కనే అమ్మ ఉంటుంది. మెసేజీ పెడితే లక్ష్మి పైకి చదివి వినిపిస్తుంది. ఇది నువ్వొక్కదానివే చదవాలి. కొట్లోనే కూర్చుని చదివి, అక్కడే చింపేసి ఇంటికి వెళ్ళు. బావగారికి చెప్తే చెప్పు. ఆయన కడుపులో మాట బయటికి రాదు.

మొన్న ఫోనులో నువ్వు మామూలు కబురులాగే చెప్పావు, లక్ష్మి పురుటి కోసం అమ్మ అప్పుడే కొత్త స్టీలు గిన్నె కొనుక్కుందని. పసిబిడ్డకి నీళ్ళు కాచే పని తనే చేస్తానందట, శారదలా బద్ధకిస్తే కుదరదందట. ఆ చివరి ముక్క నోరు జారి అనేశావు, వెంటనే తమాయించుకున్నావు. నేను ఊఁ కొట్టాను. ఫోను పెట్టేసి వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. బద్ధకం అన్నందుకు కాదు. నాకు భయమేసింది ఆ గిన్నెకి.

మా బాబు ఎందుకు పోయాడో నీకు తెలియదక్కా. నీకు తెలిసింది అమ్మ చెప్పింది. లక్ష్మి కడుపుతో ఉందని నువ్వు రాలేదు, రాకపోవడమే మంచిదయింది, నాకా కోపం లేదు. కానీ ఇప్పుడు నీ ఇంట్లోకి ఇంకో పసిబిడ్డ రాబోతోంది. ఇప్పుడు కూడా నోరు మూసుకుంటే నాకంటే పాపాత్మురాలు ఉండదు.

నువ్వు మా ఇల్లు చూడలేదు కదా. కరీంనగర్ రోడ్డు దిగి లోపలికి వస్తే ఒకప్పుడు ద్రాక్షతోటలట, ఇప్పుడన్నీ ప్లాట్లు. గాలి అటు తిరిగితే కోళ్ళఫారాల కంపు కొడుతుంది. ఇంటివాళ్ళు జంగారెడ్డిగారు, సత్తెమ్మగారు. ఇక్కడి పాత కాపులు, సొంత పొలాన్నే ప్లాట్లు కోసి అమ్ముతున్నారు. పైన వాళ్ళు, కింద మేము. ఆవిడ మంచి మనిషి. నేనొచ్చిన కొత్తలో జొన్నరొట్టె మీద పుంటికూర పెట్టి తెచ్చింది. తిన్నాక తెలిసింది, అది మన గోంగూరే. రెండేళ్ళయినా ఈ ఊళ్ళో నాకు సొంతమనిపించింది ఆ ఒక్క గుమ్మమే.

మా వీధికి మంచినీళ్ళ పైపు ఇంకా రాలేదు. వాడకానికి బోరు, తాగడానికి నీళ్ళ ప్లాంటు వాడు వేసే డబ్బా. పురుటికి సాయం వచ్చిన రోజునే అమ్మ ఆ డబ్బా ఎత్తి కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. అడుగున పచ్చగా పాచి. "ఈ పాచినీళ్ళా పసివాడికి? ఎవడు ముట్టుకున్నాడో, ఎక్కడ కడిగాడో!" అని పెరట్లో పారబోసింది. ఆవిణ్ణి తప్పుపట్టడానికి లేదు, పాచి ఉన్న మాట నిజం. బోరు తిప్పి గ్లాసులో పట్టి చూపించింది. అద్దంలా ఉన్నాయి. "భూమిలోంచి వచ్చినవి, మనిషి చెయ్యి పడనివి. ఇవి కాచి పట్టు" అంది.

కాచడమంటే అమ్మకి ఎలా కాచడమో నీకు నేను చెప్పాలా. గిన్నె నిండా పోసి, సగమయ్యేదాకా దించకూడదు. నీ తర్వాత పుట్టిన తమ్ముడు విరేచనాలు పట్టుకుని పోయాడు కదా, కాలవ నీళ్ళు సరిగ్గా కాచలేదని నాయనమ్మ అన్నదట. ఆ ఒక్క మాట అమ్మ ఇంతకాలం మోసింది. తర్వాత ఎన్నేళ్ళకో నేను పుడితే, పొయ్యి ముందు కూర్చుని సగానికి సగం మరగబెట్టిన నీళ్ళే పట్టింది. నేను బతికాను. ఇంకేం కావాలి ఆవిడకి రుజువు? మన కాలవ నీళ్ళకి అది మంచి పద్ధతే అక్కా. అక్కడ నీళ్ళలో ఉండేది పురుగు, పురుగు మరిగితే చస్తుంది.

నాకు పురుడయ్యాక జ్వరం, కుట్లు చీము పట్టడం, ఆ మందులూ అన్నీ నీకు తెలుసు. పాలు పడలేదు. వాడికి డబ్బాపాలే గతి అయింది. ప్రతి సీసాలోనూ ఆ నీళ్ళే. లక్ష్మికి వాంతులు ఎక్కువయ్యాయని అమ్మ అక్కడికి వచ్చేస్తూ కూడా గుమ్మంలో నిలబడి, "సగం అన్నాను, గుర్తుందా?" అని వేలు చూపించి మరీ వెళ్ళింది. గుర్తుంది. ఒక్క పూట కూడా తప్పలేదు. గ్యాసు అయిపోతే సత్తెమ్మగారి పొయ్యి మీద కాచాను. నిద్ర తూలుతున్నా నిలబడి కాచాను. ఇప్పుడు నేను బద్ధకస్తురాలిని.

చలి ముదిరాక వాడి పెదాలు అదోరకంగా మారాయి. ఎరుపు పోయి బూడిద కలిపిన రంగు. సత్తెమ్మగారికి చూపిస్తే, "సలికాలం గద బిడ్డా, సంటిపోరలకు గట్లనే నల్లవడ్తయి. మంచిగ కప్పి పండవెట్టు, పరేషాన్ గాకు" అంది. మేడ్చల్ తీసుకెళ్తే అక్కడి డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి చూసి, నెమ్ము అని సిరప్ రాశాడు. రెండు రోజులకి విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్ళు తగ్గకూడదు, ఓ.ఆర్.ఎస్. కలిపి పట్టమన్నారు. పట్టాను. ఏ నీళ్ళతో కలిపానో నీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ పొద్దున వాడు ఏడవడం మానేశాడు. పెదాలు, గోళ్ళు, నాలిక, అన్నీ నేరేడుపళ్ళు తిన్నట్టు అయిపోయాయి. జంగారెడ్డిగారే కారు తీశారు. సిటీలో పిల్లల ఆసుపత్రికి చేరేసరికి వాడు నా ఒళ్ళో బరువుగా, మెత్తగా వేలాడుతున్నాడు. సూదితో రక్తం తీశారు. అక్కా, అది ఎర్రగా లేదు. కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. అక్కడున్న డాక్టరమ్మ దాన్ని చూడగానే మొదట అడిగిన మాట, "పాలు ఏ నీళ్ళతో కలుపుతున్నారమ్మా?"

బోరు నీళ్ళండి, అన్నాను. కానీ ఊరికే కాదండి, రోజూ సగమయ్యేదాకా మరగబెడతానండి, అన్నాను. మెచ్చుకుంటుందనుకున్నాను కాబోలు. ఆవిడ నా మొహం వంక ఒక్కసారి చూసి లోపలికి పరిగెత్తింది. ఏదో నీలం మందు ఎక్కించారు. అప్పటికే ఆలస్యమైంది. మధ్యాహ్నానికి పోయాడు.

తర్వాత ఆవిడే మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. బోరు నీళ్ళలో నైట్రేటు అనేది ఉంటుందట. పొలాలకి చల్లిన యూరియా, కోళ్ళ పెంట, మన మరుగుదొడ్డి గుంతలు, వీటిలోంచి భూమిలోకి దిగుతుందట. రంగుండదు, వాసనుండదు. పెద్దవాళ్ళకి అంతగా తెలియదు. ఆరు నెలల్లోపు పిల్లలకి మాత్రం అది ఒంట్లో రక్తానికి ఊపిరి మొయ్యనివ్వదు, విరేచనాలుంటే మరీను. "మరగబెడితే పురుగులు చస్తాయమ్మా, నీళ్ళలో కరిగింది ఎక్కడికీ పోదు. నీళ్ళు ఇగిరినకొద్దీ అది చిక్కబడుతుంది" అంది. చారు ఎక్కువసేపు మరిగితే ఉప్పెక్కుతుందని తెలియని ఆడది ఉంటుందా అక్కా? రోజూ ఒకే పొయ్యి మీద, చారు పక్కనే ఆ గిన్నె పెట్టాను. నా బుర్రకి తట్టలేదు.

మేం పారబోసిన ఆ డబ్బా నీళ్ళ సంగతి కూడా అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. ప్లాంటు ఫిల్టరు సరిగ్గా పనిచేస్తూ ఉంటే ఆ నైట్రేటు చాలావరకు పోతుందట. డబ్బా శుభ్రంగా కడిగించుకుని, ఆ నీళ్ళు ఒక్క పొంగు రానిచ్చి పట్టి ఉంటే సరిపోయేదట.

తర్వాత మీ మరిదిగారు మా బోరు నీళ్ళు పరీక్ష చేయించారు. ఆవిడ చెప్పిందే నిజమైంది. కారణం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. మా బోరు ఈశాన్యంలో ఉంది, వాస్తు. తూర్పు పక్కింటి వాళ్ళ సెప్టిక్ గుంత వాళ్ళ వాయవ్యంలో ఉంది, అదీ వాస్తే. మధ్యలో ఒక్క ప్రహరీగోడ. వీధి పొడుగునా అంతే, ఒకళ్ళ గుంత పక్కన ఇంకొకళ్ళ బోరు. ఏ ఇంటికి ఆ ఇల్లు లక్షణంగా ఉంది. జంగారెడ్డిగారు మా ఆయన చెయ్యి పట్టుకుని, "అయ్యిందేదో అయిపాయె సారూ. గీ ముచ్చట నలుగుర్ల వెట్టకుండ్రి, ఇగ నా ప్లాట్లు ఒక్కటి గూడ పోవు" అన్నారు. కారు తోలింది ఆయనే, ఆ మాటన్నదీ ఆయనే. సత్తెమ్మగారు మాత్రం ఆయనకి తెలియకుండా చంటిపిల్లలున్న ప్రతి ఇంటికీ వెళ్ళింది. "గా బోరు నీళ్ళు పోరనికి పట్టకు బిడ్డా, కాగవెట్టినా పట్టకు. ఎందుకని నన్నడగకు, మా ఇంట్ల ఒగ పోరడు వోయిండు" అని చెప్పి వచ్చింది. మా ఇంట్ల అంది, చూశావా.

ఇక అమ్మ సంగతి. వాణ్ణి పూడ్చిపెట్టి వచ్చిన మర్నాడు పొద్దున్నే దిగింది. ఏడ్చింది, నన్ను కావలించుకుంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, బోర్లించి ఉన్న వాడి పాలసీసా చేతిలోకి తీసుకుని అడిగింది: "నిజం చెప్పవే. సగమయ్యేదాకా ఉంచావా, పొంగు రాగానే దింపేశావా?"

నా నోటిదాకా వచ్చింది. నువ్వు చెప్పినట్టే చేశానమ్మా, అందుకే పోయాడు, అనేద్దామనుకున్నాను. నాకు అమ్మ మీద కోపం రాలేదని రాస్తే అబద్ధం అవుతుంది. కోపమొచ్చింది, ఇప్పటికీ వస్తుంది, గుమ్మంలో వేలు చూపించిన ఆ మొహం గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది. కానీ ఆవిడ ఆ సీసాని కొంగుతో తుడుస్తోంది. కడుపున పుట్టినవాణ్ణి ఒకణ్ణి నీళ్ళకి పోగొట్టుకున్న మనిషి. రెండోవాణ్ణి తన మాటే చంపిందని తెలిస్తే ఆ పూటే ఏ నుయ్యో గొయ్యో చూసుకునేది. "ఒక్కోరోజు తొందరలో దింపేసేదాన్నమ్మా" అన్నాను.

"చంపుకున్నావే" అంది. ఆ మధ్యాహ్నం కూర్చుని అన్నం తింది. మీ మరిదిగారు కంచం ముందు నుంచి లేచి బయటికి వెళ్ళిపోయారు. అన్యాయంగా మాట పడ్డావు, నిజం చెప్పేద్దాం అని ఇప్పటికీ పోరుతుంటారు. ఒట్టు వేయించుకుని ఆపాను.

కాబట్టి నువ్వు చేయాల్సింది ఇది. లక్ష్మికి పాలు పడితే దేవుడు చల్లగా చూసినట్టే, ఆరు నెలలు తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా పట్టొద్దు. పడకపోతే మాత్రం గూడెంలో మీ ఇంటి బోరు నీళ్ళు సీసాలోకి రాకూడదు. మీ నీళ్ళు మంచివే కావచ్చు. కావచ్చు అన్న మాట మీద పసిబిడ్డని పెట్టకూడదు. బావగారిని నీటి పరీక్ష చేసే చోటికి పంపు, నైట్రేటు చూడమని నోరు తెరిచి అడగమను. తేలేదాకా మీ డాక్టరు ఏ నీళ్ళు మంచివంటే అవి తెచ్చుకోండి. అవి కూడా తెర్లడం మొదలయ్యాక ఒక్క నిమిషం ఉంచి దించండి, మూత పెట్టి చల్లార్చండి. ఇగరబెట్టొద్దు. ఇగరబెట్టొద్దు అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను.

అమ్మ ఊరుకోదని తెలుసు. నీ వియ్యపురాలి పేరు చెప్పు. "శారద ఇంట్లో అలా జరిగాక వాళ్ళు పట్టుబట్టారమ్మా, వాళ్ళు చెప్పిన పద్ధతిలోనే కాచాలట" అను. వియ్యపురాలంటే అమ్మకి హడలు, నోరెత్తదు. ఆ కొత్త గిన్నె సీసాలు మరగబెట్టడానికి ఇవ్వు. ఆ నీళ్ళు ఎలాగూ పారబోసేవే, ఆవిడ తృప్తితీరా ఎంతసేపైనా మరగబెట్టుకోనీ.

ఇక్కడ ఎండలు ముదిరాయి. పురుటికి ముందు నేను పనిచేసిన స్కూలు వాళ్ళు మళ్ళీ రమ్మన్నారు, జూన్ నుంచి వెళ్దామనుకుంటున్నాను. లక్ష్మి పురుటికి నన్ను పిలవాలా వద్దా అని నువ్వు మథనపడకు, నేను రాను. బిడ్డ పుట్టాక ఫోటో పంపు, పెదాలు కనిపించేలా తీసి పంపు. బావగారిని అడిగానని చెప్పు. మన వీధి పెద్దవాళ్ళందరికీ నా నమస్కారాలు.

అమ్మకి నేనేం రాశానో చెప్పకు. నన్ను తిడుతూ ఉంటే అడ్డుపడకు, నా తరఫున మాట్లాడకు, వీలైతే నువ్వు కూడా ఒక మాట కలుపు. తిట్టడానికి నేనున్నంతకాలం ఆవిడ తన జోలికి తను పోదు.

ఇట్లు,
నీ చెల్లెలు
శారద